పన్నెండేళ్ల పిల్ల పాడిన ఒపెరాను పన్నెండేళ్ల పిల్లలు చూడకూడదా?

న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపెరా (మెట్) సంస్థ తన ఒపెరాలను, అంటే సంభాషణలన్నీ పాటగా సాగే నాటకాలను, సినిమా హాళ్లకు పంపడం 2006 డిసెంబరు 30న మొదలైంది. అమెరికాలో తెలుగు సినిమా ఆడే మల్టీప్లెక్సులోనే శనివారం మధ్యాహ్నం పక్క స్క్రీన్ మీద మొజార్ట్ వినిపించవచ్చు. పిల్లలను పియానో, వయొలిన్ క్లాసులకు పంపే మన కుటుంబాలకు ఇక్కడే ఓ సందేహం వస్తుంది. మొజార్ట్ స్వరపరచిన ‘ద మ్యారేజ్ ఆఫ్ ఫిగారో’ కామెడీయే, కానీ పిల్లలతో చూడదగ్గదేనా?

చూడదగ్గదే. పన్నెండేళ్లు వచ్చిన పిల్లలనైతే పనిగట్టుకుని తీసుకెళ్లాలి.

కథ ఇది. పనిమనిషి సుజానాకు ఆ రోజు తోటి సేవకుడు ఫిగారోతో పెళ్లి. వాళ్ల యజమాని, కౌంట్ (ప్రభువు) అల్మవీవా ఆమె మీద కన్నేశాడు. పెళ్లికూతురిపై దొరకు మొదటి హక్కు అనే దురాచారాన్ని తానే రద్దు చేసి, ఇప్పుడు కట్నం డబ్బు ఆశచూపి దాన్నే దొడ్డిదారిన తెచ్చుకోవాలనుకుంటాడు. సుజానా, కౌంట్ భార్య రొజీనా ఒక్కటై వల పన్నుతారు. చీటీ రాసి అతణ్ణి రాత్రివేళ తోటకు రప్పిస్తారు. ఒకరి బట్టలు ఒకరు వేసుకుని చీకట్లో పట్టిస్తారు.

వద్దనేవాళ్ల మాటలో న్యాయం లేకపోలేదు. కథ నిండా పరాయి ఆడవాళ్లపై మోజు, భార్యపై అనుమానం, గదుల్లో దాక్కోవడాలే. ఒపెరా హౌస్ బాల్కనీలో కూర్చుంటే కనిపించని చూపూ చేతి కదలికా సినిమా తెరపై క్లోజప్‌లో కళ్లముందు నిలబడతాయి. దర్శకుణ్ణి బట్టి ఘాటు కూడా మారుతుంది. కాబట్టి ఏ ప్రొడక్షన్ అన్నది ముందే కనుక్కోవాల్సిందే.

కానీ దానికి వయసు అంకె జవాబు కాదు. అమెరికాలో సినిమా రేటింగ్ చట్టం కాదు, స్వచ్ఛందం. ఇలాంటి ప్రసారాలు మామూలుగా రేటింగ్ లేకుండానే వస్తాయి. మన దేశంలో 2023 సవరణ తర్వాత యూఏ సర్టిఫికెట్‌ను 7, 13, 16 ఏళ్లుగా విడగొట్టారు. ఏ అంకె వేసినా, తెరపై నవ్వు ఎవరి మీద అన్నది అది చెప్పదు. నా దృష్టిలో పిల్లల విషయంలో అసలు చూడాల్సింది అదే.

మూడో అంకంలో ఓ చిన్న సన్నివేశం ఉంది. కెరూబినో అనే కుర్రాణ్ణి కౌంట్ శిక్షించబోతాడు. తోటమాలి కూతురు బార్బరీనా అడ్డుపడుతుంది. దొరవారూ, నన్ను కౌగిలించుకుని ముద్దుపెట్టుకున్నప్పుడల్లా ఏది అడిగినా ఇస్తానంటారు కదా అని గుర్తుచేస్తుంది. నేనా అన్నది అంటాడు కౌంట్. మీరే అంటుంది. అయితే కెరూబినోను నాకు మొగుడిగా ఇవ్వండి అని అడిగేస్తుంది. పక్కనే కౌంట్ భార్య, ఎదురుగా ఆ పిల్ల తండ్రి. అంతటి ప్రభువుకూ మరో మాట పెగలదు.

1786 మే 1న వియన్నాలోని బుర్గ్‌థియేటర్‌లో తొలి ప్రదర్శన జరిగినప్పుడు ఆ పాత్ర పాడింది అన్నా గాట్లీబ్. ఆమెకు పన్నెండేళ్లు నిండి అప్పటికి రెండు రోజులు. పెద్దమనిషి చాటుగా చేసిన పనిని నలుగురిలో బయటపెట్టే మాట ఆ వయసు పిల్ల నోట పలికింది. బడిలో చార్టు పెట్టి గుడ్ టచ్, బ్యాడ్ టచ్ చెబుతున్నాం, మంచిదే. చెప్పుకోవడానికి సిగ్గుపడాల్సింది తాను కాదని ఒక పిల్లకు అర్థమయ్యేలా ఈ రెండు నిమిషాలు చెబుతాయి. చివర్లో కౌంట్ అందరి ముందూ మోకాళ్లపై కూర్చుని భార్యను క్షమాపణ అడుగుతాడు.

మనం ఇంటిల్లిపాదీ వెళ్లి చూసే ఎన్నో కామెడీల్లో వద్దన్న అమ్మాయి వెంటపడి వేధించేవాడే హీరో, ఆ అమ్మాయి విసుక్కోవడమే నవ్వు. ఆఖరికి పిల్ల అతనికే దక్కుతుంది. ఏడేళ్ల పిల్లాణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుని అది చూస్తాం, వయసు మాట ఎవరూ ఎత్తరు.

ఫిగారోకు వయసు అడ్డు వేరేచోట ఉంది. మూడు గంటలు దాటిన నిడివి, గబగబా సాగే ఇటాలియన్ సంభాషణ, కింద పరుగెత్తే సబ్‌టైటిళ్లు. ఎనిమిదేళ్ల పిల్లకు అది అందదు, నిద్రపోతుంది. మెట్ తొలి ప్రసారానికి మొజార్ట్‌దే మరో ఒపెరా ‘ద మ్యాజిక్ ఫ్లూట్’ను ఇంగ్లిష్‌లోకి మార్చి, రెండు గంటల లోపుకు కుదించింది అందుకే. చిన్నవాళ్లకు అది చాలు.

ఈ కథ మనకు కొత్తా? 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో సురభి నాటక సమాజానికి ఆద్యుడైన వనారస గోవిందరావు ఆడించిన తొలి నాటకం కీచకవధ. రాణి దగ్గర పనికి కుదిరిన సైరంధ్రిని రాణి తమ్ముడు వేధిస్తాడు. సభ నోరు మెదపదు. రాత్రివేళ నర్తనశాలకు రమ్మని ఆమే కబురుపెట్టి చీకట్లో పట్టిస్తుంది. సుజానా పన్నిన వలే ఇది. అక్కడ దొర క్షమాపణతో బయటపడతాడు, ఇక్కడ కీచకుడు భీముడి చేతిలో ముద్దయిపోతాడు. పందిట్లో చాపలేసుకుని ఆ నాటకం చూసిన పిల్లలు చెడిపోలేదు, సురభి కుటుంబాల పిల్లలైతే వేషాలే వేశారు.

మెట్ చేసిన పని మనం సురభికి ఎందుకు చేయకూడదు? నాలుగు మంచి కెమెరాలు, శుభ్రమైన సౌండు, పద్యాల కింద తెలుగులో ఒకటి, ప్రవాస పిల్లల కోసం ఇంగ్లిష్‌లో ఒకటి సబ్‌టైటిళ్లు. జిల్లా కేంద్రాల్లోనూ మల్టీప్లెక్సులు వచ్చేశాయి, ఆదివారం పొద్దుటి ఆట ఒక్కటి దీనికి ఇస్తే చాలు. పోస్టరు మీద అంకె బదులు కథ రెండు వాక్యాల్లో రాయండి: పనిమనిషిని వేధించే రాజు బావమరిది కీచకుడు ఉన్నాడు, చంపడం ఉంది, తగిన శాస్తి జరుగుతుంది. తీసుకెళ్లాలో వద్దో ఇంట్లోవాళ్లు తేల్చుకుంటారు.