కప్ప గుడ్ల పాయసం

మా ఆఫీసులో ఒక పెద్దాయన ఉన్నారు. ఉడికించిన క్యాబేజీ సంగతి ఎత్తితే చాలు, కళ్లజోడు తీసి తుడుచుకుంటారు. "ఆదివారం మధ్యాహ్నం... మా అమ్మ... ఆ వాసన..." అని ఆగిపోయి, కిటికీలోంచి కార్ పార్కింగ్ వైపు చూస్తారు. చుట్టూ ఉన్నవాళ్లు తలలు వంచుకుని మౌనం పాటిస్తారు. ఇంగ్లండ్‌లోని ఈ రెడింగ్ ఊళ్లో పదహారేళ్లుగా ఉంటున్నాను, తల వంచడం నాకూ అలవాటైపోయింది.

బ్రిటిష్ క్యాబేజీ శాస్త్రం తెలియనివాళ్ల కోసం కాస్త చెబుతాను. ఒంటిగంటకు తినాల్సిన క్యాబేజీని పదకొండింటికే నీళ్లలో పడేయాలి. ఆకుపచ్చ రంగు పూర్తిగా పోయి, తడిసిన న్యూస్ పేపర్ రంగు వచ్చేదాకా పొయ్యి ఆపకూడదు. మన ఊళ్లలో ఆ స్థితికి వచ్చినదాన్ని గేదెల కుడితిలో కలుపుతారు. వీళ్లు ఆదివారం ఓవెన్లో కాల్చిన మాంసం, అంటే రోస్టు పక్కన వడ్డించి, యాభై ఏళ్ల తర్వాత తలుచుకుని ఏడుస్తారు.

ఆ ఆదివారం మాంసానికి వారమంతా జన్మలుంటాయి. సోమవారం చల్లటి ముక్కలు. మంగళవారం వాటినే కీమా కొట్టి, పైన బంగాళదుంప ముద్ద పరిస్తే షెపర్డ్స్ పై. మిగిలిన దుంపనీ మిగిలిన క్యాబేజీనీ కలిపి పెనం మీద వేయిస్తే బబుల్ అండ్ స్క్వీక్. అది పెనం మీద చేసే చప్పుడే దానికి పేరు. రుచిని బట్టి పేరు పెట్టే అవకాశం లేనప్పుడు చప్పుణ్ని బట్టి పెట్టడం న్యాయమే కదా. 'బొరియలో కప్ప' అని ఇంకోటుంది. కంగారు పడకండి, అందులో కప్ప ఉండదు, గుడ్లూ పాలూ కలిపిన మైదా జారులో సాసేజీలు వేసి ఓవెన్లో కాలుస్తారంతే. స్పాటెడ్ డిక్ అనే తీపి వంటకం కూడా ఉంది గానీ, ఆ పేరు విడమరిచి చెప్పే బాధ్యత నేను తీసుకోను. కప్పని మాత్రం గుర్తుపెట్టుకోండి. మళ్లీ వస్తుంది.

ఈ పెద్దాయన మాటల్లో తరచూ దొర్లే ఇంకో ముక్క 'అమ్మ చేతి వంట'. ఆ అమ్మ చేతిలో ఏముందయ్యా అంటే, డబ్బా మూత తీసే కత్తి. అమెరికా ఖండం నుంచి ఓడలో వచ్చిన చిక్కుడు గింజలు టమాటా సాస్‌లో నానుతూ డబ్బాలోంచి బయటపడతాయి, వాటిని టోస్టు మీద పోస్తే రాత్రి భోజనం. 1955లో మార్కెట్లోకి వచ్చిన ఫిష్ ఫింగర్లు సరే సరి. చుట్టూ సముద్రం ఉన్న దేశంలో పిల్లలు చేప అంటే పలకలా నలుచదరంగా ఉంటుందని నమ్మి పెరిగారు. ఇక ఏంజెల్ డిలైట్ అనే ప్యాకెట్ తీపి. 1967లో వచ్చింది. పొడిలో చల్లటి పాలు పోసి గిలక్కొట్టి ఐదు నిమిషాలు పక్కన పెడితే గట్టిపడుతుంది. అప్పటికి మా పెద్దాయనకి తొమ్మిదేళ్లు. "మా అమ్మలా ఎవరూ చెయ్యలేరు" అంటారు. ఏం చెయ్యలేరు? ప్యాకెట్ చింపలేరా?

వీటన్నిటికీ మూలపురుషుడు కస్టర్డ్. 1837లో బర్మింగ్‌హామ్‌లో ఆల్‌ఫ్రెడ్ బర్డ్ అనే కెమిస్టు, భార్యకి గుడ్లు పడవని, మొక్కజొన్న పిండితో గుడ్డు లేని కస్టర్డ్ కనిపెట్టాడు. కస్టర్డ్ అంటేనే గుడ్డూ పాలూ. అంటే కందిపప్పు లేకుండా ముద్దపప్పు చేశాడన్నమాట. భార్య మీద ప్రేమతో చేశాడు కాబట్టి ఆయన్ని ఏమీ అనను. మన బర్త్‌డే పార్టీల్లో అరటిపండు ముక్కలూ దానిమ్మ గింజలూ తేలుతూ కనబడే ఆ పసుపుపచ్చ ద్రవం కూడా ఆ వంశంలోదే, కాబట్టి మరీ ఎక్కువ నవ్వకండి.

ఇంకో మనిషిని కూడా ఏమీ అనను. పెద్దాయన వాళ్ల అమ్మని. 1940 జనవరి నుంచి 1954 జులై దాకా ఈ దేశంలో తిండికి రేషన్ ఉంది. యుద్ధం అయిపోయాక కూడా తొమ్మిదేళ్లు. యుద్ధకాలంలో పెద్దవాళ్లకి వారానికి టీ పొడి రెండు ఔన్సులు, అంటే యాభై ఏడు గ్రాములు. మా ఇంట్లో అది మా అమ్మకి రెండు రోజులు కూడా రాదు. గుడ్డు వారానికి ఒకటి, అదీ దొరికితే. ఆ లైన్లలో నిలబడి ఎదిగిన ఆడపిల్ల, తర్వాత తన పిల్లలకి డబ్బా తీసి కడుపునిండా పెట్టిందంటే ఆమెకి దండం. నా పేచీ ఆమెతో కాదు, ఆమె కొడుకుతో.

పోయిన నెల ఆయన రిటైరయ్యారు. చివరి రోజు అందరూ తలా ఒక 'చిన్ననాటి వంటకం' తెచ్చుకోవాలని హుకుం. నన్ను ప్రత్యేకంగా పిలిచి, "నువ్వు కూడా మీది తీసుకురా, కానీ మరీ... నీకు తెలుసు కదా" అన్నారు. నాకు తెలుసు.

మా అమ్మ అప్పుడు ఇక్కడే ఉంది. విషయం చెప్పగానే సూట్‌కేస్ అడుగు నుంచి సగ్గుబియ్యం తీసింది. మాది సామర్లకోట దగ్గర. చుట్టుపక్కల కర్రపెండలం పండిస్తారు, ఊళ్లో సగ్గుబియ్యం మిల్లులున్నాయి. ఆ సరుకు తప్ప ఇంకోటి ఆవిడ కంటికి ఆనదు. తెల్లవారుజామున ఐదింటికి లేచి నానబెట్టింది. గింజ అద్దంలా మారి మధ్యలో ఆవగింజంత తెల్లటి చుక్క మిగిలేదాకా ఉడికించి, పాలు పోసి, దించి కాస్త చల్లారాకే బెల్లం కలిపింది, లేకపోతే పాలు విరిగిపోతాయి. నాలుగు యాలకులు దంచి వేసి, నేతిలో వేగిన జీడిపప్పు పైన పోసింది. గిన్నెకి గుడ్డ కట్టి, "వంచకుండా తీసుకెళ్లరా" అంది. బస్సులో పసిపిల్లని పట్టుకున్నట్టు ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లాను.

బల్ల మీద అప్పటికే బీన్స్, కస్టర్డ్, గులాబీ రంగులో వణుకుతున్న ఏదో పదార్థం ఉన్నాయి. నేను గుడ్డ విప్పి మూత తీశాను. పదిమంది తొంగి చూశారు. ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు. తర్వాత వెనకనుంచి ఒకావిడ కెవ్వున అరిచింది: "ఫ్రాగ్‌స్పాన్!"

కప్ప గుడ్లు. చెరువు గట్టున జిగటగా తేలే కప్ప గుడ్లు. చెప్పాను కదా, కప్ప మళ్లీ వస్తుందని.

అది తిట్టు కాదని అర్థం కావడానికి నాకు కాసేపు పట్టింది. వీళ్ల బళ్లలో మధ్యాహ్నం భోజనానికి సగ్గుబియ్యం పుడ్డింగ్ పెట్టేవారట. పిల్లలు దానికి పెట్టుకున్న పేరది. ఇక చూడండి, సభ పూనకంతో ఊగిపోయింది. వడ్డించే ఆవిడ ప్లేటు ఖాళీ అయ్యేదాకా నెత్తిమీద నిలబడేదని ఒకరు. జేబులో దాచుకెళ్లి మరుగుదొడ్లో పారేశానని ఇంకొకరు. ఈ రోజుకీ చెరువు పక్కన నడవలేనని మూడో ఆయన. అంత అసహ్యం ఉన్నవాళ్లు గరిటె కోసం కొట్టుకున్నారు. పెద్దాయన అందరినీ పక్కకి జరిపి, గిన్నెలో పెద్ద భాగం తన ప్లేట్లో వేసుకుని, "జామ్ ఉందా?" అన్నారు.

జామ్ వచ్చింది. స్ట్రాబెర్రీ. ఆయన పెద్ద చెంచాతో ముద్ద తీసి, మా అమ్మ పాయసం నడిమధ్యన బొట్టు పెట్టినట్టు పెట్టారు. తర్వాత కలపడం మొదలుపెట్టారు. సావకాశంగా, గుండ్రంగా, బెల్లం రంగు పోయి మొత్తం లేత ఎరుపుకి తిరిగేదాకా కలిపారు. తిన్నారు. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. నేను కూడా అలవాటు ప్రకారం తల వంచాను. అప్పుడు ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, ఎంతో ఆప్యాయంగా అన్నారు: "అద్భుతం. ఆ యాలకుల వాసన లేకపోతే ఇంకా బాగుండేది."

వాసన.

మా ఆఫీసు మైక్రోవేవ్ మీద ఒక కాగితం అంటించి ఉంటుంది: 'ఘాటైన వాసన వచ్చే ఆహారం ఇక్కడ వేడి చేయరాదు'. అది అంటించినది ఈ పెద్దాయనే, నేను గోంగూర తెచ్చిన మర్నాడు. క్యాబేజీ వాసన గుర్తొస్తే కన్నీళ్లు పెట్టుకునే ముక్కు అదే, గోంగూరకి టేప్ వెతుక్కున్న ముక్కూ అదే. 2001లో వీళ్ల విదేశాంగ మంత్రి రాబిన్ కుక్ చికెన్ టిక్కా మసాలా అసలైన బ్రిటిష్ జాతీయ వంటకమని ఉపన్యాసమిచ్చారు. కూర జాతీయ వంటకమేనట, వండేవాడికి మాత్రం ఇల్లు దొరకదు. కెంట్‌లో వందల ఇళ్లున్న ఒక యజమాని, కూర వాసన పోదు కాబట్టి 'రంగు మనుషులకి', అంటే మనలాంటివాళ్లకి, అద్దెకివ్వొద్దని ఏజెంట్లకి రాసి పంపాడు. అది చట్టవిరుద్ధమని కోర్టు తేల్చడానికి 2017 రావాల్సి వచ్చింది. మా మొదటి ఇంట్లో ఏజెంటు తనిఖీకి వచ్చి కర్టెన్ ముక్కుకి దగ్గరగా పెట్టుకుని వాసన చూశాడు. నా ఎదురుగానే. మూడేళ్లు ఆ ఇంట్లో మా ఆవిడ ఇంగువ డబ్బా తెరవలేదు. జనవరి చలిలో కిటికీలన్నీ బార్లా తీసి పోపు పెట్టేది, పిల్ల కోటు వేసుకుని హాల్లో కూర్చునేది.

ఆ పిల్లకి ఆరేళ్లప్పుడు, ఒకరోజు బడి నుంచి వచ్చి, రేపటినుంచి పులిహోర పెట్టొద్దు, జామ్ శాండ్‌విచ్ పెట్టు అంది. ఎందుకని అడిగితే చెప్పలేదు. ముక్కు మూసుకుని చూపించింది.

దీన్ని నేను క్షమించను. నవ్వులాటలన్నీ పక్కన పెట్టి చెబుతున్నాను. బూడిదరంగు క్యాబేజీకి, ప్యాకెట్ పొడికి, బళ్లో బలవంతంగా మింగించిన కప్ప గుడ్లకి కూడా జ్ఞాపకాల్లో సింహాసనం వేసుకున్నారు కదా, వేసుకోండి, ఎవరొద్దన్నారు? ఒక ఆరేళ్ల పిల్ల నోట్లోంచి పులిహోర లాక్కునే హక్కు మీకెవరిచ్చారు? ముప్పై ఏళ్లు పోయాక మా అమ్మాయి కూడా ఎక్కడో కూర్చుని చిన్ననాటి రుచుల గురించి మాట్లాడుతుంది. ఏం చెబుతుంది? జామ్ గురించి. సిగ్గుండాలి!

మన బాబాయిలూ తక్కువవాళ్లు కాదులెండి. ఉగాది సభలో చద్దన్నం మీద ఇరవై నిమిషాలు మాట్లాడి, ఇంటికెళ్లి ఓట్స్ తింటారు. కానీ వాళ్లు ఎవరి మైక్రోవేవ్‌కీ కాగితం అంటించలేదు.

సాయంత్రం ఇంటికెళ్లేసరికి అమ్మ గుమ్మంలోనే ఉంది. గిన్నె చేతిలోకి తీసుకుని చూసింది. అడుగు కనిపిస్తోంది. ఒక పక్కన మాత్రం ఎర్రటి చార ఉంది. దాన్ని గోటితో గీకి చూసి, ఏమీ అనకుండా, "ఏమన్నార్రా?" అంది.

"బాగుందన్నారమ్మా. చిన్నప్పుడు వాళ్ల బళ్లో కూడా సగ్గుబియ్యమే పెట్టేవారట."

"రోజూనా?"

"తరచూ పెట్టేవారట."

అమ్మ ముఖంలో జాలి కనిపించింది. "అయ్యో పాపం, బడి మొత్తానికి జ్వరాలా?" అంది.