కర్ర ఊపడమేనా కండక్టర్ పని?

నల్లగొండలో నా దగ్గర వయొలిన్ నేర్చుకునే అబ్బాయి తండ్రి నిన్న ఫోను నా చేతికిచ్చి "ఇది నిజమేనా సార్?" అన్నారు. వాట్సాప్‌లో తిరుగుతున్న సందేశమే. ఆర్కెస్ట్రా కండక్టర్ ఊరికే కర్ర ఊపుతాడట, మిగతావాళ్లు కాగితం చూసి వాయించుకుంటారట. వయొలిన్ వాయించే కుర్రవాడికి ఆ పదవి దక్కితే అది తండ్రి పలుకుబడేనట. అసలు వయొలినే పరాయి వాద్యమట, మన పిల్లలకు దానితో కూడు పుట్టదట.

మన వైపు ఆర్కెస్ట్రా అంటే వినాయక చవితి పందిట్లో సినిమా పాటలు పాడే బృందం, కాబట్టి మొదటి పొరపాటు సహజమే. సన్నాయి మేళంలో డోలు విద్వాంసుడికి సన్నాయి పక్కనే వినిపిస్తుంది, కండక్టర్ అక్కర్లేదు. పాశ్చాత్య సంగీతపు సింఫనీ ఆర్కెస్ట్రాలో ఎనభై తొంభై మంది కూర్చున్న వేదిక సంగతి వేరు. వెనుక వరుసలోని టింపనీ (పెద్ద డోలు లాంటి వాద్యం) మోత 15 మీటర్ల దూరంలోని వయొలిన్లను చేరడానికి సెకనులో ఇరవయ్యో వంతు దాకా పడుతుంది. చెవినే నమ్ముకుంటే తాళం జారుతుంది, కంటికి కనిపించే చెయ్యి ఉండాలి. పైగా ఒక్కొక్కరి ముందున్న కాగితంలో వారి వంతు మాత్రమే ఉంటుంది. అందరి వంతులూ ఒకే పుటలో చూసేది కండక్టరే. ఎఫ్ హార్న్ అనే ఇత్తడి బాకాకు 'సి' అనే స్వరం రాసి ఉంటే పలికేది 'ఎఫ్' స్వరం. వయొలిన్ కంటే కాస్త పెద్దదైన వయోలాకు క్లెఫే (ఏ గీత మీద ఏ స్వరమో చెప్పే గుర్తు) వేరు. ఇవన్నీ వాయించకముందే మనసులో కలిసి వినిపించాలి. అసలు శ్రమంతా రిహార్సల్స్‌లోనే: ఇక్కడ కమాను (వయొలిన్ తీగల మీద రాసే కర్ర) పైకా కిందికా, ఇత్తడి వాద్యాలు ఎంత తగ్గాలి, ఎవరు ఎవరిని వినాలి. కమాను పట్టినవాడికి ఇందులో ఎంత పైచేయి ఉంటుందో వేరే చెప్పాలా?

పలుకుబడి మాటకు కొంత ఆధారం ఉంది. ప్రసిద్ధ కండక్టర్ జుబిన్ మెహతా తండ్రి మెహ్లీ మెహతా వయొలిన్ విద్వాంసుడు, బొంబాయి సింఫనీ ఆర్కెస్ట్రా స్థాపకుడు. అయినా జుబిన్ 1954లో వియన్నా వెళ్లి చదివి, 1958లో లివర్‌పూల్‌లో కండక్టర్ల పోటీలో గెలిచారు. 1962లో, 26 ఏళ్లకు, లాస్ ఏంజెలెస్ ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రా బాధ్యత చేపట్టారు. వెనిజులాకు చెందిన మరో కండక్టర్ గుస్తావో డుడమెల్ కూడా వయొలినిస్టే, ఆయన తండ్రి మన పెళ్లి బ్యాండు వాళ్లలా ట్రాంబోన్ అనే ఇత్తడి వాద్యం వాయించేవారు. కొడుకు 1999లో, 18 ఏళ్లకే, దేశపు యువ ఆర్కెస్ట్రాను నడిపాడు. 2004లో జర్మనీలోని బాంబెర్గ్‌లో మాలర్ పేరిట జరిగే కండక్టర్ల పోటీ గెలిచాడు. అక్కడ తండ్రి పలుకుబడి ఏం చేస్తుంది?

పరాయి వాద్యమా? బాలుస్వామి దీక్షితులు దాన్ని మన కర్ణాటక సంగీత కచేరీలోకి తెచ్చి రెండు శతాబ్దాలైంది. వయొలిన్ విద్వాంసుడు ద్వారం వెంకటస్వామి నాయుడు పేరు విననివారే ఆ మాట అనగలరు.

కూడు సంగతే చేదు. 2006లో ముంబైలో మొదలైన సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియాలో కూడా ఎక్కువమంది వాద్యకారులు విదేశీయులే. అందుకే ఆ తండ్రితో, వయొలిన్ మానిపించకండి, ఇంటర్ చదువునూ తగ్గించకండి అన్నాను. పక్కనే వింటున్న అబ్బాయి "మరి నాకు కర్ర ఎప్పుడిస్తారు సార్?" అన్నాడు. ముందు వయోలా క్లెఫ్ చదవడం నేర్చుకోమన్నాను.