655 కిలోమీటర్లే, కానీ గంట కాదు

లండన్ హీత్రో నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ సుమారు 655 కిలోమీటర్లు, విమానం గంటకు 800 కిలోమీటర్లు పోతుంది కాబట్టి గంటలోపే దిగుతాం అని నేను చదివిన ఒక వ్యాసంలో లెక్క వేశారు. దూరం సరైనదే. సమయం దగ్గరే నాకు అభ్యంతరం. టికెట్ మీద సాధారణంగా గంటా నలభై నిమిషాల దాకా వేస్తారు, ఆ సమయం గేటు వదిలిన క్షణం నుంచి మళ్లీ గేటు చేరేదాకా.

హీత్రోలో రెండే రన్‌వేలు. రద్దీ వేళల్లో వరుసలోనే చాలాసేపు గడిచిపోతుంది. ఫ్రాంక్‌ఫర్ట్‌లో 2011లో తెరిచిన వాయవ్య రన్‌వే మీద దిగితే, విమానం ఏ3 హైవే మీద కట్టిన వంతెన దాటి నెమ్మదిగా టెర్మినల్‌కు వస్తుంది. కింద కార్లు, పైన మనం! కిటికీ పక్క సీటు దొరికితే తప్పక చూడండి.

గడియారం సంగతి కూడా రాయాల్సింది. జర్మనీ సమయం లండన్ కంటే గంట ముందు. ఉదయం 10 గంటలకు బయల్దేరితే టికెట్‌లో 12.40 అని ఉంటుంది. మొదటిసారి వచ్చినప్పుడు మా అమ్మ అది చూసి రెండు గంటల నలభై నిమిషాలు అనుకుని కంగారుపడింది. తిరుగు ప్రయాణంలో నలభై నిమిషాలే అన్నట్టు కనిపిస్తుంది, పైగా పడమటి గాలి ఎదురైతే నిజానికి ఇంకాస్త ఎక్కువే పడుతుంది.

ఫ్రాంక్‌ఫర్ట్‌లో హైదరాబాద్ విమానం మారేవాళ్లు దయచేసి కిలోమీటర్లు చూసి కనెక్షన్ బుక్ చేసుకోకండి.