గోల్ఫ్ మేళాలో సిమ్యులేటర్ క్యూ వదిలి పట్టర్ పట్టండి

పెద్ద నగరాల్లో పెట్టే ఉచిత గోల్ఫ్ మేళాల్లో జనం ఎగబడేది సాధారణంగా సిమ్యులేటర్ దగ్గరే. పెద్ద తెర ముందు బంతిని చితక్కొట్టే మోజు అది. హైదరాబాద్‌లో అలాంటి మేళా ఉందని హనుమకొండ నుంచి పిల్లల్ని తీసుకెళ్లేవాళ్లు ముందు ఒక లెక్క వేసుకోవాలి. మనిషికి మూడు నిమిషాలు అనుకున్నా, ముందు 40 మంది ఉంటే రెండు గంటలు నిలబడాలి. ప్రవేశం ఫ్రీయే కానీ ఉప్పల్ దాకా బస్సు, అక్కడి నుంచి మెట్రో, మళ్లీ రాకపోకల ఖర్చు ఫ్రీ కాదు కదా!

అయినా కొట్టాలనుంటే డ్రైవర్ (దూరం కొట్టడానికి వాడే పొడవాటి క్లబ్, అంటే గోల్ఫ్ కర్ర) వద్దని చెప్పి 7 నంబర్ ఐరన్ అనే పొట్టి క్లబ్ అడగండి. డ్రైవర్‌లో బంతికి తగిలే ముఖం వాలు 10 డిగ్రీల దగ్గర ఉంటుంది, ఐరన్‌ది 30కి అటూ ఇటూ. కొత్తవాళ్లకు బంతి లేచేది దీంతోనే. బలం కోసం భుజాన్ని ముందే తిప్పేస్తే క్లబ్ బంతిని అడ్డంగా కోస్తుంది, ముఖం బయటికి తెరుచుకుని ఉంటే కుడిచేతి వాటం వాళ్ల బంతి కుడికి వంగిపోతుంది. పిల్లలకు పెద్దల క్లబ్ ఇస్తే పొడవు, బరువు మోయలేక ఇదే జరుగుతుంది. జూనియర్ క్లబ్ అడిగి తీసుకోండి.

అసలు సరుకు పట్టింగ్ మ్యాట్ మీద ఉంది, క్యూ కూడా అక్కడే తక్కువ. బంతిని నేల మీద దొర్లించి గుంతలో వేయడమే పట్టింగ్, దానికి వాడే క్లబ్ పట్టర్, ఒక్కో దెబ్బ ఒక పట్. 18 హోల్స్ (గుంతలు) 72 దెబ్బల్లో ముగించాల్సిన పార్ 72 కోర్సులో హోల్‌కు రెండు పట్‌ల చొప్పున 36 దెబ్బలు పట్టర్‌వే, అంటే సగం ఆట. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో మన దేశ గోల్ఫర్ అదితి అశోక్ నాలుగో స్థానం దాకా వచ్చింది. దూరం కొట్టడంలో ఆమె చాలామంది కంటే వెనకే, నిలబెట్టింది పట్టింగే.

గోటీలాటలో గుంత గురి చూసినవాళ్లకు ఇది పరాయిది కాదు. గుంత వ్యాసం 108 మిల్లీమీటర్లు, బంతిది దాదాపు 43. మూడడుగుల నుంచి పట్టర్ ముఖం మూడు డిగ్రీలు పక్కకు తిరిగినా బంతి అంచు పట్టుకుని పడొచ్చు. పదడుగుల నుంచి ఒక్క డిగ్రీ దాటితే తప్పినట్టే. అందుకే మూడడుగుల దగ్గర మొదలుపెట్టి, మణికట్టు కదలకుండా భుజాలతో ఊపండి. బంతి వెళ్లాక కూడా తల అక్కడే ఉండాలి. బంతి ఎటు పోయిందోనని తల ఎత్తితే భుజం లేచి ముఖం తిరిగిపోతుంది.

ఇంత చిన్న ఏర్పాటు వరంగల్‌కు ఎందుకు రాదు? 18 హోల్స్ కోర్సుకు వంద ఎకరాలకు పైగా నేల, ఎండాకాలమంతా నీళ్లు కావాలి. పట్టింగ్‌కు అవేవీ అక్కర్లేదు, స్టేడియంలో ఒక మూల చాలు. కాకపోతే మ్యాట్ నేరుగా నేల మీద పరిస్తే ఎగుడుదిగుడుకు బంతి దారి తప్పుతుంది. గుంతకు బదులు ప్లాస్టిక్ కప్పు పెడితే బంతి అంచుకు తగిలి ఎగిరిపోతుంది. నిజమైన గుంత లోతు కనీసం 101.6 మిల్లీమీటర్లు కాబట్టి అడుగున జానెడు ఎత్తు చెక్క వేదిక, దాని మీద ప్లైవుడ్, ఆపైన మ్యాట్ ఉండాలి. స్పిరిట్ లెవెల్ పెట్టి చూసి బిగిస్తే మన వడ్రంగులకు అదేం పెద్ద పని కాదు.