రెండో ఉద్యోగంలో బీఆర్ కోడ్ పడిందా? ఆ డబ్బు వదిలేయకండి

బ్రిటన్‌లో రెండు చోట్ల పార్ట్‌టైమ్ చేసే మన పిల్లలు రెండో పేస్లిప్ చూడగానే మేనేజర్ మీదికి వెళ్తారు, "నా జీతంలో ఐదో వంతు ఎందుకు కోశారు?" అని. ఆ గొడవ వల్ల లాభం లేదు. ట్యాక్స్ కోడ్ (జీతంలో ఎంత పన్ను కోయాలో చెప్పే గుర్తు) మార్చే అధికారం మేనేజర్‌కి లేదు, పేరోల్ వాళ్లకీ లేదు. హెచ్ఎంఆర్‌సీ, అంటే బ్రిటన్ పన్నుల శాఖ, ఏ కోడ్ పంపితే వాళ్లు దాన్నే వాడాలి. అడగాల్సింది హెచ్ఎంఆర్‌సీనే.

ఏప్రిల్ 6 నుంచి వచ్చే ఏప్రిల్ 5 దాకా 12,570 పౌండ్ల వరకు సంపాదనకి పన్ను లేదు. 2021 నుంచి ఆ అంకె కదల్లేదు. ఈ మినహాయింపు మనిషికి ఒక్కటే, ఎన్ని ఉద్యోగాలు చేసినా సరే. చాలామంది పేస్లిప్‌లో కనిపించే 1257ఎల్ కోడ్‌లో ఉన్నది అదే, చివరి సున్నా తీసేసి రాస్తారు. మామూలుగా మొత్తం మినహాయింపు ఒక ఉద్యోగానికే కట్టబెట్టి, రెండోదానికి బీఆర్ వేస్తారు. బీఆర్ అంటే మొదటి పౌండు నుంచే 20 శాతం.

నాకు ఒళ్లు మండేది ఇక్కడే. కేర్ హోమ్‌లో నెలకి 700, సూపర్‌మార్కెట్‌లో 500 వస్తున్నాయనుకోండి. ఏడాదికి మొత్తం 14,400. కట్టాల్సిన పన్ను 366 పౌండ్లు. కానీ కేర్ హోమ్‌లో వాడుకున్న మినహాయింపు 8,400 మాత్రమే, మిగతా 4,170 అక్కడే ఊరికే పడి ఉంటుంది. సూపర్‌మార్కెట్‌లో 6,000 మీద 1,200 కోస్తారు. అంటే 834 పౌండ్లు ఎక్కువ. మొదటి ఉద్యోగంలోనే 12,570 దాటేవాడికి ఈ నష్టం ఉండదు. తక్కువ సంపాదించేవాడికే ఈ దెబ్బ. అద్దె కట్టడానికి తడుముకునేవాడు ప్రభుత్వానికి వడ్డీ లేని అప్పు ఇచ్చినట్టు!

దీనికి మందు ఉంది. మినహాయింపుని రెండు ఉద్యోగాలకీ పంచమని అడగొచ్చు. హెచ్ఎంఆర్‌సీ యాప్‌లోకి వెళ్లి ముందుగా రెండు ఉద్యోగాలూ కనిపిస్తున్నాయా, ఎప్పుడో మానేసింది ఇంకా అక్కడే వేలాడుతోందా చూడండి. ఒక్కోదాని ఏడాది జీతం అంచనా సరిచేయండి. తర్వాత 0300 200 3300కి ఫోన్ చేసి, వాడని మినహాయింపుని రెండోదానికి మార్చమనండి. నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు, రెండు పేస్లిప్‌లూ చేతిలో పెట్టుకోండి. పై లెక్కలో కోడ్ అంకెలు ఒకచోట 840, ఇంకోచోట 417 వస్తాయి. రెండూ కలిపి 1257 దాటనంత వరకు, షిఫ్టులు పెరిగినా తగ్గినా ఏడాది చివర్లో బాకీ పడతామన్న భయం అక్కర్లేదు.

కొత్త కోడ్ మామూలుదైతే, అప్పటిదాకా ఎక్కువ కోసింది తర్వాతి జీతంలోనే తిరిగొస్తుంది. కోడ్ చివర ఎం1 గానీ డబ్ల్యూ1 గానీ ఉంటే రాదు. ఆ కోడ్ ఏ నెలకా నెల, ఏ వారానికా వారం లెక్క కడుతుంది, వెనక్కి చూడదు.

ఇక వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే "రెండో చోట కూడా ఏ టిక్ పెట్టెయ్, ట్యాక్స్ పడదు" అనే సలహా. దయచేసి ఎవరికీ చెప్పకండి. చేరేటప్పుడు ఇచ్చే స్టార్టర్ చెక్‌లిస్ట్‌లో 'ఏ' అంటే ఈ ట్యాక్స్ ఏడాదిలో ఇదే నా మొదటి ఉద్యోగం అని. 'బీ' అంటే ఇప్పుడు ఇదొక్కటే, ముందు ఇంకోటి చేశాను అని. ఇంకో ఉద్యోగం నడుస్తుంటే పెట్టాల్సింది 'సీ'. రెండు చోట్లా 'ఏ' పెట్టి ఒక్కోచోట నెలకి 1,000 తెచ్చుకుంటే నెలనెలా కోత కనబడదు, కానీ ఏడాదికి 2,286 పౌండ్ల బాకీ తయారవుతుంది. అది తర్వాత బిల్లుగా వస్తుంది, లేదా వచ్చే ఏడాది కోడ్ తగ్గించి వసూలు చేస్తారు. అసలు ఫారమే ఇవ్వకపోతే 0టీ పడుతుంది, మినహాయింపు సున్నా.

స్టూడెంట్లకి ట్యాక్స్ లేదన్నది కూడా అపోహే. ఫుల్‌టైమ్ స్టూడెంట్లకి లేనిది కౌన్సిల్ ట్యాక్స్ (ఇంటి మీద స్థానిక కౌన్సిల్ వేసే పన్ను), ఇన్‌కమ్ ట్యాక్స్ కాదు.

నేషనల్ ఇన్సూరెన్స్ (పెన్షన్ లాంటివాటి కోసం జీతంలోంచే కోసే ఇంకో మొత్తం) లెక్క వేరు. అది ఏ ఉద్యోగానికా ఉద్యోగం చూస్తారు. వారానికి 242 పౌండ్లు దాటితేనే పైదాని మీద 8 శాతం. ఒక్కోచోట వారానికి 200 వస్తే రెండు చోట్లా కోత ఉండదు. రెండూ ఒకే యజమాని దగ్గరైతే మాత్రం కలిపి చూడొచ్చు.

గడిచిన ఏడాదుల్లో ఎక్కువ కట్టి ఉంటే నాలుగేళ్ల వెనక్కి అడగొచ్చు, పైసా ఖర్చు లేకుండా. రీఫండ్ ఇప్పిస్తామని కమీషన్ అడిగేవాళ్లకి సంతకం పెట్టకండి. చదువైపోయి ఇండియాకి వచ్చేస్తుంటే దేశం వదిలి వెళ్తున్నామని హెచ్ఎంఆర్‌సీకి చెప్పే పీ85 ఫారం నింపండి, ఉద్యోగం మానేసినప్పుడు యజమాని ఇచ్చే పీ45 కాగితాలు దగ్గర పెట్టుకోండి. ఏడాది మధ్యలో వచ్చేసినా 12,570 పూర్తిగా మీదే కాబట్టి చాలామందికి ఎంతో కొంత వెనక్కి వస్తుంది.