నోరా ఫ్రీస్ గాజుపెట్టెలో బొమ్మ కాదు

బ్యాట్‌మన్ అభిమానుల్లో ఒక మాట తెగ తిరుగుతోంది: "బ్యాట్‌మన్ శత్రువు మిస్టర్ ఫ్రీజ్ భార్య నోరా 1959 నాటి మొదటి కామిక్ నుంచీ ఉంది. ఎప్పుడు చూసినా గాజుపెట్టెలో నిద్రే. 2012లో ఆమె అసలు భార్యే కాదని తేల్చేశారు కాబట్టి ఆ విషాదమంతా ఉత్తదే." ఇందులో ఉన్నవి మూడు ముక్కలు. మూడూ తప్పే.

మొదటిది. 1959 ఫిబ్రవరి నాటి బ్యాట్‌మన్ 121వ సంచికలో ఫ్రీజ్ పేరు మిస్టర్ జీరో. మంచు తుపాకీ, చలి సూటు ఉన్న ఒక దొంగ, అంతే. మిస్టర్ ఫ్రీజ్ అన్న పేరు 1966 టీవీ సిరీస్‌తో స్థిరపడింది. అందులో ముగ్గురు నటులు మారారు గానీ ఎవరికీ ఈ భార్య కథ లేదు. నోరా పుట్టింది కామిక్‌లో కాదు, టీవీలో వచ్చిన బ్యాట్‌మన్ కార్టూన్ సిరీస్‌లో. 1992 సెప్టెంబర్ 7న ప్రసారమైన 'హార్ట్ ఆఫ్ ఐస్' ఎపిసోడ్ ఆమెకు మొదటిది. రాసింది పాల్ డీనీ, దర్శకుడు బ్రూస్ టిమ్.

ఆ ఎపిసోడ్‌ను ఆగి చూడాలి. ఫ్రీజ్ కొల్లగొట్టేది డబ్బు కాదు, గోత్‌కార్ప్ కంపెనీ నుంచి ఒక భారీ మంచు ఫిరంగికి కావలసిన విడిభాగాలు. ఎందుకన్నది ల్యాబ్ వీడియో టేపులో తెలుస్తుంది. జబ్బుపడిన నోరా శీతల గదిలో ఉంటుంది. కంపెనీ అధినేత ఫెర్రిస్ బోయిల్ మనుషులతో వచ్చి అంతా ఆపేయమంటాడు. బతిమాలుతున్న విక్టర్‌ను (ఫ్రీజ్ అసలు పేరు విక్టర్ ఫ్రీస్) రసాయనాల మీదికి తన్నేస్తాడు. 1959 నుంచి వట్టి పరికరంగా ఉన్న చలి సూటు అక్కడితో శాపమైపోయింది: భార్యను పోగొట్టుకున్న చోటే అతను మామూలు వేడిలో బతకలేని మనిషయ్యాడు. నోరా లేకపోతే ఈ పాత్రకు కారణమే ఉండదు. ఈ రచనకు డేటైమ్ ఎమ్మీ వచ్చింది. 1997లో డీనీయే రాసిన ప్రత్యేక సంచికతో ఈ గతం ప్రధాన కామిక్స్‌లోకి చేరింది. బ్యాట్‌మన్ కథల్లోని మరో పాత్ర హార్లీ క్విన్‌దీ ఇదే దారి, ముందు కార్టూన్, తర్వాత కామిక్.

ఇక ఎప్పుడూ నిద్రేనా? 1998 నాటి 'సబ్‌జీరో' చిత్రంలో అవయవ మార్పిడితో ఆమె కోలుకుంటుంది. 2006 జనవరి తేదీతో వచ్చిన బ్యాట్‌గర్ల్ 70వ సంచికలో చచ్చినవాళ్లను బతికించే లాజరస్ గుంట నుంచి లేచి, లాజరా అనే విలన్‌గా మారి, మొగుడి మీదే మండిపడుతుంది. 2015 'ఆర్ఖమ్ నైట్' వీడియో గేమ్ అదనపు భాగంలో ఆమె మెలకువలోకి వచ్చి చికిత్స వద్దంటుంది, మిగిలిన రోజులు భర్తతో గడుపుతానంటుంది. 2019లో డిటెక్టివ్ కామిక్స్ 1012 నుంచి 1016 వరకు నడిచిన కథలోనైతే తనే నేరాలకు దిగి విక్టర్‌ను వదిలి వెళ్లిపోతుంది. ఈ చివరి మూడింటిలోనూ విక్టర్ తన కోసం నిర్ణయించినదాన్ని ఆమె ఒప్పుకోదు. 1992లో ఆమెకు ఒక్క మాటా ఇవ్వకపోవడం లోపమే. ఆ లోపాన్ని పూడ్చినవి ఈ కథలు.

మూడోది 2012 నాటి వార్షిక సంచిక, బ్యాట్‌మన్ యాన్యువల్ 1. స్కాట్ స్నైడర్, జేమ్స్ టైనియన్ రాశారు. అందులో ఆమె నోరా ఫీల్డ్స్. 1943లో పుట్టి, 23 ఏళ్లకే గుండె జబ్బుతో శీతలీకరణలోకి వెళ్లిన అమ్మాయి. విక్టర్ ఆమె మీద థీసిస్ రాస్తూ ఆమె తన భార్యేనని భ్రమపడతాడు. మలుపు గట్టిదే. కానీ ఇరవై ఏళ్లుగా పాఠకులు ఆమెను భార్యగా నమ్మబట్టే అది పేలింది! నోరాకు విలువ లేకపోతే ఆ మలుపుకూ లేదు. పైగా ఇది 2011లో కథలన్నీ కొత్తగా మొదలుపెట్టినప్పటి రూపం మాత్రమే. పైన చెప్పిన 2019 కథలో ఆమె మళ్లీ భార్యే.

సరిచూసుకోవాలంటే వరుస ముఖ్యం. ముందు 'హార్ట్ ఆఫ్ ఐస్', తర్వాత అదే సిరీస్‌లో 1994 నాటి 'డీప్ ఫ్రీజ్' ఎపిసోడ్, ఆ పైన 'సబ్‌జీరో'. మొదటిదాంట్లో విక్టర్ ఆమె పోయిందనుకుంటాడు, రెండోదాంట్లో బతికే ఉందని తెలుస్తుంది. నడుమది వదిలేస్తే 'సబ్‌జీరో'లో నోరా ఎక్కడి నుంచి వచ్చిందో అర్థం కాదు. 2012 యాన్యువల్ ఈ మూడూ అయ్యాకే చదవండి.