పదికి పద్నాలుగు

విజయవాడలో కాపురం ఉంటూ, ఆటోనగర్‌ను కూతవేటు దూరంలో పెట్టుకుని, అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో సొంతంగా కారు కింద దూరేవాణ్ని ఏమనాలో మా ఆవిడ ఆదివారమే అనేసింది. ఆ మాట ఇక్కడ రాయను. మోచేతి మీద తోలు లేచిన చోట ఇంకా మంట తగ్గలేదు కాబట్టి కథ కూడా గబగబా చెప్పేస్తాను.

ఎడమ ముందు చక్రం గుంతలో పడ్డప్పుడల్లా 'కటక్' అనేది. చక్రాన్ని కింద నుంచి బండికి కలిపే లోయర్ ఆర్మ్‌కి ఉండే రబ్బరు బుష్‌లు అరిగిపోయాయి, దాని చివరి కీలు, అంటే బాల్ జాయింట్, కూడా లూజయింది. రబ్బరు కదా, ఎండకీ దెబ్బలకీ గట్టిపడి పగుళ్లిస్తుంది. అయినా దాని తప్పేముంది? ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం స్పీడ్ బ్రేకరంటే 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో బండి హాయిగా ఎక్కి దిగాలి. మా కాలనీలో మాత్రం కొబ్బరి దుంగను రోడ్డుకి అడ్డంగా పడేసి పైన తారు పోసినట్టుంటాయి. ఎవరింటి ముందు వాళ్లు వేయించుకున్నారు. కార్పొరేటర్ గారి చుట్టాలకి రెండేసి.

సర్వీస్ సెంటర్లో ఆయిల్ మార్పించడానికి ఇచ్చినప్పుడు ఆ చప్పుడు సంగతి కూడా చెప్పాను. అడ్వైజర్ కుర్రాడు ట్యాబ్‌లోంచి తల ఎత్తకుండానే రెండు పక్కలా లోయర్ ఆర్మ్‌లు, రెండు స్ట్రట్‌లు, లింక్ రాడ్‌లు కలిపి 22 వేలన్నాడు. "బుష్‌లొక్కటే మార్చరా?" అంటే, "అలా రావు సార్, అసెంబ్లీయే" అన్నాడు. కారు కిందకి వంగి చూసిన పాపాన పోలేదు. ఆ ఉక్రోషంతోనే ఆటోనగర్ వెళ్లి ఎడమ పక్క ఆర్మ్, ఒక లింక్ రాడ్ కొనుక్కొచ్చాను. కొట్టు పెద్దాయన "మెకానిక్ ఎవరండీ?" అని అడిగాడు. నేనేనన్నాను. బిల్లు వెనక్కి తిప్పి తన ఫోన్ నంబర్ రాసిచ్చాడు.

సహాయానికి మా బామ్మర్ది దొరికాడు. బెంగళూరులో సాఫ్ట్‌వేర్. పానా అంటే వాడి దృష్టిలో సెల్ ఫోన్లో సెట్టింగ్స్ బొమ్మ.

జాకీ ఎక్కించడం, స్టాండ్ పెట్టడం, చక్రం ఊడదీయడం, అసోసియేషన్ సెక్రటరీ గారు వచ్చి "కామన్ ఏరియాలో ఇవన్నీ కుదరవండీ" అని చెప్పి కుర్చీ తెప్పించుకుని చూస్తూ కూర్చోవడం - ఇవన్నీ అయిపోయాయి. లింక్ రాడ్ నట్ తిప్పితే లోపలి స్టడ్ కూడా దాంతోపాటే గిరగిరా తిరుగుతోంది. తర్వాత చూద్దామని బాల్ జాయింట్ మీద పడ్డాను.

ఇక్కడ కాస్త ఆగాలి. బాల్ జాయింట్ పిన్ను, చక్రాన్ని మోసే నకిల్‌లోకి దూరి ఉంటుంది, ఒక బోల్టు దాన్ని అడ్డంగా బిగించి పట్టుకుంటుంది. పిన్నుకి ఆ బోల్టు కూర్చునేలా చిన్న గాడి ఉంటుంది. అంటే బోల్టు వదులైతే చాలదు, మొత్తం బయటికి వచ్చేయాలి. లేకపోతే ఆర్మ్ మీద ఏనుగెక్కినా పిన్ను దిగదు. పైగా కారుని ఒక పక్కే ఎత్తితే రెండు పక్కల్నీ కలిపే స్టెబిలైజర్ బార్ ఆ ఆర్మ్‌ని పైకి లాగుతూనే ఉంటుంది. రెండు పక్కలా ఎత్తుకోండి అని యూట్యూబ్‌లో ఆయన చెప్పాడు, కానీ వీడియో చివర్లో, లైకు కొట్టమన్న తర్వాత.

కాబట్టి నా భంగిమ ఇది: ఆర్మ్ మీదుగా గునపం పెట్టి, దాని కొసమీద కడుపు ఆనించి బరువంతా వేశాను. ఎడమ చేత్తో బ్రేక్ డిస్కు పట్టుకున్నాను. కుడి చెయ్యి పానా కోసం వెనక్కి చాచాను. వదిలితే గునపం లేచి నా గడ్డానికే తగులుతుంది. సరిగ్గా అప్పుడు ఫోన్ మోగింది. "ఆఫీస్ కాలేమో బావా" అని బామ్మర్ది స్పీకర్ నొక్కి టూల్ బాక్స్ మీద పెట్టాడు. ఆదివారం ఆఫీసేంట్రా!

"నమస్తే సార్, మీరు గత వారం మా దగ్గర సర్వీస్ చేయించుకున్నారు కదా సార్. మా సేవలకి పదికి ఎన్ని మార్కులిస్తారు సార్?"

"పద్నాలుగు!" అని అరిచాను, బామ్మర్ది వైపు.

అవతల ఒక్క క్షణం మాట లేదు. "సార్... పది వరకే ఉంటుంది సార్."

"ఇది పదిహేడురా! పద్నాలుగడిగితే పదిహేడిస్తావేంటి?"

"మీ అభిమానం సార్, కానీ సిస్టమ్ తీసుకోదు సార్."

ఈ మార్కుల గోల మీకూ తెలిసే ఉంటుంది. కారు తాళాలిచ్చేటప్పుడే అడ్వైజర్ చేతులు పట్టుకుంటాడు: "ఫోన్ వస్తుంది సార్, పదే చెప్పండి, తొమ్మిదన్నా మాకు ఫెయిలే." పిల్లలకి 35 వస్తే పాస్ చేసే దేశంలో 90 వచ్చినవాణ్ని ఫెయిల్ చేసే పరీక్ష ఇదొక్కటే. నేను మూడిద్దామని వారం నుంచీ ఎదురుచూస్తున్నాను. ఎందుకు మూడో కూడా మనసులో వాక్యాలు పేర్చి పెట్టుకున్నాను. అసెంబ్లీ అనే మాట మీద ఒక పేరా ఉంది.

"మా సిబ్బంది ప్రవర్తన ఎలా ఉంది సార్?"

పద్నాలుగో నంబర్ పానా చేతికొచ్చింది, నట్ ఊడింది, బోల్టు మాత్రం తుప్పు పట్టి కదలనంటోంది. "సుత్తి తీసుకో. నెత్తిన ఒక్కటివ్వు! మెల్లగా కాదురా, గట్టిగా! వాడే దిగుతాడు!"

"సార్, అంత కోపమైతే మేనేజర్ గారితో మాట్లాడిస్తాను సార్..." అమ్మాయి గొంతు వణికింది. సెక్రటరీ గారు కుర్చీ కాస్త ముందుకు జరుపుకున్నారు.

'అమ్మా, మీ గురించి కాదు' అందామనుకునేలోపు బోల్టు ఊడింది, పిన్ను ఠప్పున జారింది, గునపం జారింది, నేనూ జారాను. మోచెయ్యి సంగతి అప్పటిదే. నకిల్ పక్కకి తిరిగి బ్రేక్ గొట్టం తాడులా బిగుసుకుపోయింది. అది తెగితే నా పని గోవిందా. దాని క్లాంపు బోల్టు చిన్నది, వెంటనే విప్పాలి.

"పది! పది! త్వరగా పదివ్వరా బాబూ!"

"థాంక్యూ సో మచ్ సార్! పదికి పది నోట్ చేసుకున్నాను. హ్యావ్ ఎ నైస్ డే సార్!"

పెట్టేసింది. బామ్మర్ది పన్నెండో నంబర్ పానా అందించాడు.

కొత్త ఆర్మ్ ఎలా ఎక్కిందో నాకే సరిగా గుర్తులేదు. బుష్ బోల్టులు మాత్రం కారు బరువు చక్రాల మీద పడ్డాకే పూర్తిగా బిగించాలని గుర్తుంది. గాల్లో ఉండగా బిగిస్తే రబ్బరు మెలిపడి నాలుగు రోజుల్లో మళ్లీ చిరిగిపోతుంది. మిగిలింది లింక్ రాడ్. టార్చి వేసి చూస్తే స్టడ్ చివర ఆరు పలకల చిన్న గుంట కనపడింది. అందులో అలెన్ కీ పెట్టి పట్టుకుని నట్ తిప్పితే స్టడ్ తిరగదు. మా బామ్మర్ది అలెన్ కీలన్నీ నేల మీద పరిచి ఒక్కొక్కటే వెలుతురుకి పెట్టి చూస్తున్నాడు.

మళ్లీ ఫోన్. మళ్లీ వాడే నొక్కాడు. ఈసారి అడ్వైజర్ కుర్రాడు, గొంతులో ఆనందబాష్పాలు.

"సార్, పదికి పది ఇచ్చారంట కదా సార్, ఎలా మర్చిపోతాం సార్! చిన్న హెల్ప్ సార్, మా పిల్ల గూగుల్లో మీ తరఫున రివ్యూ పెట్టడానికి రెడీగా కూర్చుంది. ఎన్ని స్టార్లో మీ నోటితో ఒక్క మాట చెబితే చాలు సార్."

లింక్ రాడ్‌కి పట్టేది అయిదో నంబర్ అలెన్ కీ.